ముందే అమర్చిన సాఫ్ట్‌వేరును క్రొత్త కంప్యూటరునకు మార్చుట

తెలుగు రాష్ట్రముల వెలుపల తరతరములుగా నివసించుచున్న కుటుంబములకు తెలుగు లిపిలోనున్న ప్రతి వ్రాతయు నొక ఆస్తి. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము వంటి పట్టణములలో పెద్దలు వ్రాసియుంచిన వంశవృక్షములు, పెండ్లిపాటలు, సంఘ సభ్యుల పట్టికలు, దేవాలయముల జమాఖర్చులు, వార్షిక సంచికల ప్రతులు చిరకాలము నోటుపుస్తకములలోనే యుండెను. గత ముప్పది యేండ్లలో ఇట్టివానిలో కొంత భాగము కంప్యూటరులోనికి చేరినది. తాటియాకు గ్రంథమునకు పురుగు, కాగితమునకు తేమ శత్రువులైనట్లే, కంప్యూటరులోని వ్రాతకు యంత్రము పాతబడుటయే శత్రువు.

యంత్రము పాడైననాడు క్రొత్తదానిని కొనుట కష్టము కాదు. పాతదానిలోనున్న సాఫ్ట్‌వేరు సంగతి యేమని యడిగినప్పుడే చిక్కు వచ్చును. "అంతయు వచ్చును" అని యొకరు, "ఏదియు రాదు" అని వేఱొకరు చెప్పుదురు. మొదటి మాట నమ్మినవారు క్రొత్త యంత్రముపై తెలుగు వ్రాతకు బదులు అర్థము లేని గుర్తులను చూచి దిగులుపడుదురు. రెండవ మాట నమ్మినవారు పాత పెట్టెను తూకమునకు అమ్మివేయుదురు. దానితో లోపలి వ్రాతలును పోవును. కావున ఏది మార్చవచ్చును, ఏది మార్చరాదు, ఏది మార్చవలసిన యక్కఱయే లేదు అను విషయమును విడదీసి తెలిసికొనుట యావశ్యకము.

1. మూడు వేర్వేఱు వస్తువులు

"సాఫ్ట్‌వేరు" అను నొక్క మాట క్రింద జనులు సామాన్యముగా మూడు వస్తువులను కలిపి చెప్పుదురు. మొదటిది ప్రోగ్రాము, అనగా యంత్రముచేత పని చేయించు ఆజ్ఞల సముదాయము. రెండవది లైసెన్సు, అనగా ఆ ప్రోగ్రామును వాడుకొనుటకు హక్కుదారు ఇచ్చిన అనుమతి. మూడవది ఆ ప్రోగ్రాముతో వాడుకరి తయారుచేసికొన్న ఫైలు. ఉత్తరము, పట్టిక, ఛాయాచిత్రము, సంచిక ప్రతి మొదలగునవి యీ మూడవ తెగకు చేరినవి.

ఇల్లు మాఱునప్పుడు పెట్టెబేడలు వెంట వచ్చును. గోడలో కట్టిన బీరువా రాదు. అద్దె యొప్పందము ఆ యింటితోనే ముగియును. ఫైళ్లు పెట్టెబేడల వంటివి. ప్రోగ్రాము గోడబీరువా వంటిది. యంత్రముతోపాటు వచ్చిన లైసెన్సు ఆ యింటి యద్దె యొప్పందము వంటిది. ఈ భేదమును గుర్తించినచో సందేహములలో సగము తీరును.

2. యంత్రముతో ముడివడిన అనుమతి

కంప్యూటరు కంపెనీలు తాము తయారుచేయు యంత్రములలో విండోసును ముందే అమర్చి అమ్ముదురు. ఇట్టి లైసెన్సునకు ఓ.ఇ.ఎమ్. లైసెన్సు అని పేరు. దుకాణమున విడిగా పెట్టెలో కొనిన దానికి రిటైల్ లైసెన్సు అని పేరు. రెండింటిలోను ప్రోగ్రాము ఒక్కటే, అనుమతిలోనే భేదము. మైక్రోసాఫ్టు నిబంధనల ననుసరించి రిటైల్ లైసెన్సును పాత యంత్రము నుండి తొలగించి, అదే యజమానికి చెందిన క్రొత్త యంత్రమునకు మార్చుకొనవచ్చును. ఓ.ఇ.ఎమ్. లైసెన్సు మాత్రము ఏ యంత్రముతో వచ్చినదో ఆ యంత్రముతోనే యుండును. యంత్రమును మఱియొకరికి అమ్మినచో దానితోపాటు పోవును గాని, యంత్రమును విడిచి వేఱొకదానిని చేరదు. లోపము వలన మదర్‌బోర్డును మార్పించినచో అనుమతి నిలుచును. యజమాని తన యిష్టము చొప్పున వేఱు బోర్డు వేయించుకొన్నచో దానిని క్రొత్త కంప్యూటరుగానే యెంచుదురు.

ఇది కాగితముమీది నియమము మాత్రమే కాదు. యంత్రములోనే దానికి గుర్తు కలదు. ఎక్స్‌పీ, విస్టా, విండోసు 7 కాలమున పెట్టెపై నొక చీటీ అంటించి యుండెడివారు. దానిమీద అయిదేసి అక్షరముల అయిదు గుంపులుగా ఇరువదియైదు అక్షరముల కీ ముద్రింపబడి యుండెను. పెద్ద కంపెనీలు మాత్రము ప్రతి యంత్రమునకు వేఱు కీ వాడక, బోర్డుమీది బయాస్‌లో తమ కంపెనీ గుర్తును నిలిపి, ఆ గుర్తు కనబడిన యెడలనే విండోసు అంగీకరించునట్లు ఏర్పఱచిరి. 2012లో విండోసు 8 వచ్చిన తరువాత కీ యంత్రపు ఫర్మ్‌వేరులోనికే చేరినది. చీటీమీద నది కనబడుట మానినది. 2015లో వచ్చిన విండోసు 10 నుండి యంత్రపు భాగముల ననుసరించి యొక గుర్తు తయారై, అది మైక్రోసాఫ్టు సర్వరులో నమోదగుచున్నది. దీనిని డిజిటల్ లైసెన్సు అందురు.

ఈ కారణము వలననే పాత హార్డుడిస్కును యథాతథముగా క్రొత్త యంత్రమున బిగించుట ఫలింపదు. పాత విండోసునకు క్రొత్త బోర్డు, క్రొత్త డిస్కు నియంత్రకము పరిచితములు కావు. ఎక్స్‌పీ వంటివి ఆరంభముననే నీలితెరతో ఆగిపోవుట సామాన్యము. తెఱచుకొన్నను, బయాస్ గుర్తు కానరాక అనుమతిని నిరాకరించును. పాత యంత్రమున దాచియుంచిన పునరుద్ధరణ భాగము సైతము ఆ తయారీ యంత్రముల కొఱకే యుద్దేశింపబడినది.

అయినను ఇందుచేత కలుగు నష్టము చెప్పుకొనదగినది కాదు. క్రొత్త కంప్యూటరు సాధారణముగా తన విండోసును తానే తెచ్చుకొనును. పాత విండోసులకు భద్రతా సవరణలును ఆగిపోయినవి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోసు 7నకు 2020 జనవరి 14న, విండోసు 10నకు 2025 అక్టోబరు 14న సాధారణ పోషణ ముగిసినది. కావున పాత విండోసును తరలించుటకై శ్రమపడుటకంటె దానిలోని వస్తువులను తరలించుటయే యుక్తము.

3. ఆఫీసు ప్రోగ్రాములు

విండోసు తరువాత జనులు ఎక్కువగా విచారించునది వర్డు, ఎక్సెల్ మొదలగు ఆఫీసు ప్రోగ్రాములను గూర్చి. ముందే అమర్చిన ఆఫీసు పలు రూపములలో వచ్చినది. పూర్వము కొన్ని యంత్రములలో మైక్రోసాఫ్టు వర్క్స్ ఉండెను. పిదప ప్రకటనలతో కూడి, వర్డు, ఎక్సెల్‌లను మాత్రమే కొలది సదుపాయములతో నిచ్చు ఆఫీసు స్టార్టరు 2010 వచ్చినది. ఇటీవలి కాలమున మన దేశమున అమ్మిన పెక్కు లాప్‌టాపులలో హోమ్ అండ్ స్టూడెంట్ 2019, 2021 అను ఆఫీసులు ముందే అమర్చబడి వచ్చినవి. ఇట్టివి వాడుకరి ఖాతాలో కనబడుచున్నను, యంత్రముతో వచ్చిన అనుమతి యంత్రమునకే పరిమితము.

విడిగా కొనిన ఆఫీసు మాట వేఱు. 2013 ఆఫీసు వెలువడినప్పుడు, విడిగా కొనిన ప్రతిని సైతము మొదటి యంత్రమునుండి కదల్పరాదని నిబంధన పెట్టిరి. కొనుగోలుదారులు ఆక్షేపింపగా, అదే సంవత్సరము మార్చి నెలలో దానిని సడలించి, తొంబది దినములకొక పర్యాయము మార్చుకొనవచ్చునని మైక్రోసాఫ్టు ప్రకటించెను. కావున కొనుగోలు రసీదును, కీ కార్డును, ఏ ఈమెయిలు ఖాతాతో నమోదు చేసిరో ఆ వివరమును భద్రపఱచుట ఫైళ్లను భద్రపఱచుటతో సమానము.

ఆఫీసు రాకున్నను ఫైళ్లకు భయము లేదు. ఉచితముగా లభించు లిబ్రె ఆఫీసు పాత వర్డు, ఎక్సెల్ ఫైళ్లను తెఱచును. వర్క్స్ ఫైళ్లను సైతము చదువగలదు. ప్రోగ్రాము పోయినను దాని ఫైలు పోవలసిన పని లేదనుటకు ఇది నిదర్శనము.

4. ఫోల్డరును నకలు చేసిన చాలదా?

పాత యంత్రమున ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును పెన్‌డ్రైవుపై నకలు చేసి, క్రొత్త దానిలో పెట్టినచో పనిచేయదా యను ప్రశ్న సహజము. కొన్ని చిన్న ప్రోగ్రాములు అట్లును పనిచేయును. పెద్దవి పనిచేయవు. ఏలనగా విండోసున అమర్చిన ప్రోగ్రాము ఒక్క ఫోల్డరులో నుండదు. కొంత భాగము విండోసు ఫోల్డరులోని ఉమ్మడి ఫైళ్లలో, కొంత వాడుకరి పేర దాచబడిన ఫోల్డరులో, మఱికొంత రిజిస్ట్రీ యను చిట్టాపుస్తకములో చెల్లాచెదరుగా నుండును. ఒక ఫోల్డరును మాత్రము తెచ్చుట చెట్టును మొదలుతో గాక కొమ్మతో నాటుట వంటిది. ప్రోగ్రామును అసలు డిస్కునుండియో, తయారీదారు వెబ్‌సైటునుండియో క్రొత్తగా అమర్చుటయే సరియైన మార్గము.

విస్టా, విండోసు 7లలో ఈజీ ట్రాన్స్‌ఫర్ అను సాధనము ఉండెను. అదియును ఫైళ్లను, అమరికలను తరలించెనే గాని ప్రోగ్రాములను తరలింపలేదు. విండోసు 10లో దానిని తొలగించిరి.

మఱియొక అడ్డంకి యంత్రముల తరములలో నున్నది. విండోసు 3.1 కాలపు పదునాఱు బిట్ల ప్రోగ్రాములు అఱువదినాలుగు బిట్ల విండోసున నడువవు. విండోసు 11లో ముప్పదిరెండు బిట్ల కూర్పే లేదు గనుక, ఆ కాలపు ప్రోగ్రాములు నేటి క్రొత్త యంత్రమున నేరుగా పనిచేయజాలవు. డాస్ ప్రోగ్రాములను మాత్రము డాస్‌బాక్స్ అను ఉచిత సాధనముతో నడిపింపవచ్చును. ముప్పదిరెండు బిట్ల ప్రోగ్రాములు సామాన్యముగా నడుచును. కాని వానితోపాటు వచ్చిన డ్రైవరులు నడువవు. భారతీయ భాషలలో అచ్చుపని కొఱకు అమ్మిన కొన్ని ప్యాకేజీలకు హార్డ్‌వేరు తాళముండెను. కంప్యూటరు వెనుక ప్రింటరు తీగ తగిలించు చోట ఆ తాళమును బిగించిన గాని ప్రోగ్రాము తెఱచుకొనదు. నేటి యంత్రములలో ఆ చోటు లేదు. ఆ తాళపు పాత డ్రైవరునకు క్రొత్త విండోసున ప్రవేశము లేదు. ఇట్టి ప్రోగ్రామునకు తయారీదారు క్రొత్త కూర్పు నిచ్చుచున్నచో దానిని తీసికొనవలెను. లేనిచో పాత యంత్రము నడుచుచుండగానే దానిలోని వ్రాతలను వేఱు రూపమునకు మార్చుకొనవలెను.

5. తెలుగు ఫాంటుల చిక్కు

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఇచ్చటనే కలదు. ఆంగ్లమున వ్రాసికొన్న ఫైలు ఏ యంత్రముననైనను అక్షరములుగా తెఱచుకొనును. పాత తెలుగు ఫైలు అట్లు కాదు.

భారతీయ లిపుల కొఱకు ఇస్కీ యను సంకేత పద్ధతిని 1991లో ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో జాతీయ ప్రమాణముగా అంగీకరించిరి. అదే సంవత్సరమున వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందు తెలుగునకు స్థానము లభించినది. కాని అచ్చుపనిలో ప్రచారమునకు వచ్చినవి ఈ రెండును కావు. ఆనాటి ఫాంటులో మొత్తము 256 గదులు మాత్రమే యుండెను. ఆంగ్లాక్షరములకు, యూరపు భాషల గుర్తులకు ఉద్దేశింపబడిన ఆ గదులలో తెలుగు తలకట్టులను, గుడులను, కొమ్ములను, వత్తులను తునకలు తునకలుగా కూర్చిరి. ఏ తునక ఏ గదిలో నుండవలెనో ఒక్కొక్క కంపెనీ తన యిచ్చ వచ్చినట్లు నిర్ణయించుకొనెను. అందువలన ఫైలులో నిజముగా నుండునవి తెలుగక్షరములు కావు, ఆంగ్లపు గుర్తులే. ఆ ఫాంటు వానికి తెలుగు వేషము వేయును. ఫాంటు లేని యంత్రమున వేషము తొలగి అసలు గుర్తులు బయటపడును. వ్రాత చెడిపోయినదని జనులు భ్రమపడునది అప్పుడే. నిజమునకు వ్రాత చెడలేదు. దానిని చదువు కన్ను లేదు.

యూనికోడు పద్ధతి వేఱు. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రతి అచ్చునకు, హల్లునకు, గుణింతపు గుర్తునకు తనదైన సంఖ్య కలదు. "శ్రీ" అను అక్షరమున శకారము 3126, పొల్లు 3149, రేఫము 3120, దీర్ఘపు గుడి 3136 అను నాలుగు సంఖ్యలు ఉచ్చారణ క్రమమున నిలుచును. వానిని కలిపి అందమైన యక్షరముగా చూపుట ఫాంటు పని. ఫాంటు మాఱినను సంఖ్యలు మాఱవు. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు యూనికోడు ఫాంటు లభించినది. విండోసు 8 నుండి నిర్మల వచ్చినది. విండోసు 10లో గౌతమిని ఐచ్ఛికముగా చేర్చుకొనదగిన ఫాంటుల జాబితాలోనికి మార్చిరి. అయినను గౌతమిలో వ్రాసిన ఉత్తరము గౌతమి లేని యంత్రమున నిర్మలలో తెలుగుగానే కనబడును. వెదకుటకు, అకారాది క్రమమున పేర్చుటకు, ఈమెయిలులో పంపుటకు ఇట్టి వ్రాతయే తగినది.

కావున పాత తెలుగు ఫైళ్లు కలవారు రెండు పనులు చేయవలెను. మొదట, పాత యంత్రమున విండోసు ఫోల్డరులోని ఫాంట్స్ అను చోటునుండి ఆ తెలుగు ఫాంటు ఫైళ్లను, వాని లైసెన్సు అనుమతించినంత మేరకు, వ్రాతలతోపాటు భద్రపఱచవలెను. ఫాంటును క్రొత్త యంత్రమున అమర్చగానే వ్రాత మరల తెలుగుగా కనబడుట కలదు. రెండవది, పరివర్తక సాధనముతో వ్రాతను యూనికోడునకు మార్చవలెను. ఏ ఫాంటులో వ్రాసిరో పేరు సరిగా తెలిసిననే యీ పని నెఱవేరును. ఒక ఫాంటునకు చేసిన పరివర్తకము మఱియొక దానికి పనికిరాదు.

మార్చిన వ్రాతను తెలుగు బాగుగా తెలిసినవారు అసలుతో పోల్చి చదువుట అవసరము. పాత ఫాంటులలో తునకలు కంటికి కనబడు వరుసలో నుండును; యూనికోడున ఉచ్చారణ వరుసలో నుండవలెను. ఈ వరుస మార్పులో వత్తులు స్థానము తప్పవచ్చును. అరసున్న, బండి ఱ వంటివానికి పాత ఫాంటులో గది లేక వేఱు గుర్తుతో సరిపెట్టి యుండవచ్చును. ఇంటిపేర్లలోను, పాత పాటలలోను ఇట్టి యక్షరములు తఱచు వచ్చును గనుక అచ్చటనే ఎక్కువ జాగ్రత్త వలయును.

సంచికలను పేజీలుగా కూర్చుటకు వాడిన పేజ్‌మేకరు గతియు నిట్టిదే. 7.0 దాని కడపటి కూర్పు. దాని తరువాత వచ్చిన ఇన్‌డిజైన్ సి.ఎస్.6 వఱకే పేజ్‌మేకరు ఫైళ్లను తెఱచెను. తరువాతి కూర్పులు తెఱవవు. లిబ్రె ఆఫీసునకు 2015లో వచ్చిన 4.4 కూర్పునుండి ఈ ఫైళ్లను చదువు శక్తి కొంత కలిగినది. పాత యంత్రము నడుచుచున్నచో ప్రతి సంచికను ఫాంటులతో సహా పీడీఎఫ్‌గా భద్రపఱచుట అన్నిటికంటె సులభమైన రక్షణ. పీడీఎఫ్ పేజీ రూపమును కాపాడును. యూనికోడు ప్రతి భాషను కాపాడును. రెండును ఉండుట మేలు.

6. చేయవలసిన క్రమము

పాత యంత్రము ఇంకను నడుచుచున్నచో ముందుగా దానిలోని ప్రోగ్రాముల జాబితాను కాగితముపై వ్రాసికొనవలెను. ప్రతి పేరు ఎదుట అది యంత్రముతో వచ్చినదా, విడిగా కొనినదా, ఉచితమైనదా యని గుర్తింపవలెను. విడిగా కొనిన వాని కీలను, ఖాతాల పేర్లను సేకరింపవలెను. ఉచితమైనవానిని క్రొత్తగా దింపుకొనవచ్చును. యంత్రముతో వచ్చినవానికి బదులు ఏది వాడవలెనో నిర్ణయించుకొనవలెను.

తరువాత ఫైళ్లను వెలుపలి డిస్కుపై నకలు చేయవలెను. ఎక్స్‌పీలో వాడుకరి ఫైళ్లు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అను ఫోల్డరున, విస్టా మొదలు యూజర్స్ అను ఫోల్డరున ఉండును. డెస్క్‌టాపుపై నున్నవి, డి డ్రైవులో నున్నవి మఱచిపోరాదు. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ వంటి పాత ఈమెయిలు ప్రోగ్రాముల ఉత్తరములు కంటికి కనబడని ఫోల్డరులో నుండును. వానిని ప్రత్యేకముగా వెదకి తీయవలెను.

యంత్రము నడువనిచో నిరాశ పడనక్కఱలేదు. తెర, బోర్డు చెడినను డిస్కు బాగుండవచ్చును. దానిని వెలికితీసి, తగిన యు.ఎస్.బి. అడాప్టరుతో క్రొత్త యంత్రమునకు తగిలించినచో ఫైళ్లు కనబడును. ఇటీవలి లాప్‌టాపులలో డిస్కు గుప్తీకరింపబడి యుండవచ్చును. అట్టి యెడల నలుబదియెనిమిది అంకెల రికవరీ కీ లేక తెఱచుకొనదు. అది సామాన్యముగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రపఱుపబడి యుండును. ఇంటి పెద్ద గతించిన తరువాత ఆ ఖాతా వివరము ఎవరికిని తెలియక పోయినచో డిస్కు చేతిలో నున్నను వ్రాత దక్కదు. కావున ఈ వివరమును ఇంటిలో మఱియొకరికి తెలిపియుంచుట మంచిది.

పాత యంత్రమును మొత్తముగా క్రొత్త యంత్రములో వర్చువల్ యంత్రముగా నడుపు విధానమును కలదు. సాంకేతికముగా అది సాధ్యమే. కాని ఓ.ఇ.ఎమ్. విండోసు లైసెన్సు దానివెంట రాదు. మార్గాంతరము లేని పాత ప్రోగ్రాము కలవారు తగిన లైసెన్సు సంపాదించుకొని, ఇంటర్నెట్టుతో సంబంధము లేకుండ దానిని వాడుకొనుట యుక్తము.

నకలు ముగిసిన తరువాత క్రొత్త యంత్రమున కొన్ని ఫైళ్లను తెఱచి చూడవలెను. పేర్లు కనబడుట చాలదు. లోపలి తెలుగు సరిగా కనబడవలెను. అట్లు నిర్ధారించుకొనువఱకు పాత డిస్కును తుడువరాదు, పాత పెట్టెను అమ్మరాదు. నకలు రెండు చోట్ల నుండుట, అందొకటి ఇంటికి వెలుపల నుండుట క్షేమము.

7. ముగింపు

ఈ విచారణ వలన తేలునది యిది. యంత్రముతో వచ్చిన అనుమతి యంత్రముతోనే పోవును; దానికై చింతింప బనిలేదు. ప్రోగ్రామునకు బదులు ప్రోగ్రాము దొరకును. కుటుంబపు వ్రాతకు, సంఘపు వ్రాతకు బదులు దొరకదు. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ మాటల నడుమ పెరుగుచున్న పిల్లలకు తాతయవ్వల తెలుగు చేరుటకు ఆ ఫైలు తప్ప వేఱు దారి లేని యిండ్లు కలవు. ప్రతి తెలుగు సంఘమును సంవత్సరమున కొక దినమున సభ్యుల పాత కంప్యూటర్లను తెప్పించి, ఫాంటులు ఎఱిగినవారిని, తెలుగు దిద్దగలవారిని ఒకచోట కూర్చుండబెట్టినచో, ఈ పని పెద్ద ఖర్చు లేకుండనే నెఱవేరును. అది పాత యంత్రములు ఇంకను వెలుగుచున్నప్పుడే జరుగవలెను.